ఇవాన్ లెండిల్: ఆటగాడు, శిక్షకుడు

ఇవాన్ లెండిల్ (జ. 1960 మార్చి 7) చెకోస్లొవేకియాలో పుట్టి, తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకున్న టెన్నిస్ క్రీడాకారుడు, శిక్షకుడు. ఆటగాడిగా 8 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు, మొత్తం మీద 94 సింగిల్స్ టైటిళ్లు గెలిచాడు. 270 వారాలు ప్రపంచ నంబర్‌వన్‌గా ఉన్నాడు. 1994లో ఆట మానేశాక చాలాకాలం టెన్నిస్ వైపు పెద్దగా చూడలేదు. 2011 చివర్లో స్కాట్లండ్ ఆటగాడు ఆండీ ముర్రేకు కోచ్‌గా తిరిగొచ్చాడు. ముర్రే గెలిచిన మూడు గ్రాండ్‌స్లామ్‌లూ, రెండు ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణాలూ లెండిల్ అతని పక్కనున్న రోజుల్లోనివే.

ఆటగాడిగా లెండిల్ చరిత్ర, కోచ్‌గా అతని చరిత్ర సాధారణంగా వేర్వేరుగా రాస్తుంటారు. నిజానికి రెండోది మొదటిదానికి కొనసాగింపు. నాలుగు ఫైనల్స్ వరసగా ఓడి అయిదోది గెలిచిన మనిషి, మూడు ఫైనల్స్ ఓడిన మరో మనిషికి శిక్షకుడయ్యాడు. అందువల్ల ఈ వ్యాసంలో అతని విజయాలతో సమానంగా ఓటములకూ చోటిచ్చాం.

బాల్యం, తొలి దశ

లెండిల్ పుట్టిన ఆస్ట్రవా బొగ్గు గనులకూ ఉక్కు కర్మాగారాలకూ పేరుపడ్డ ఊరు. తండ్రి జిరీ, తల్లి ఓల్గా ఇద్దరూ టెన్నిస్ క్రీడాకారులే. తల్లి ఒక దశలో దేశ మహిళల ర్యాంకింగ్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆమె ప్రాక్టీసు చేసుకునేటప్పుడు పసివాడు ఎటూ పోకుండా నెట్ స్తంభానికి కట్టి ఉంచేదని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇంట్లో క్రమశిక్షణ ఏ పాటిదో ఆ కథ చెబుతుంది.

1978లో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ జూనియర్ టైటిళ్లు రెండూ గెలిచి జూనియర్లలో అగ్రస్థానం అందుకున్నాడు. అదే ఏడాది ప్రొఫెషనల్ అయ్యాడు. 1980లో చెకోస్లొవేకియా తొలిసారి డేవిస్ కప్ గెలిచింది. ప్రాగ్‌లో ఇటలీతో జరిగిన ఆ ఫైనల్ నాటికి లెండిల్‌కు ఇరవై ఏళ్లు. పోలండ్ ఆటగాడు వోయ్‌టెక్ ఫిబాక్ ఈ రోజుల్లో అతనికి మార్గదర్శిగా ఉన్నాడు. ఇంకా ఆడుతూనే తనకన్నా చిన్నవాడికి నేర్పిన ఫిబాక్, లెండిల్ చూసిన మొదటి తరహా కోచ్.

ఓడిన నాలుగు ఫైనల్స్ (1981–1983)

1981 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో బియాన్ బోర్గ్‌తో అయిదు సెట్లు ఆడి ఓడాడు. బోర్గ్‌కు అదే ఆఖరి గ్రాండ్‌స్లామ్ టైటిల్. తర్వాత 1982లో, 1983లో యూఎస్ ఓపెన్ ఫైనల్స్‌లో జిమ్మీ కానర్స్ చేతిలోనూ, 1983 డిసెంబరులో పచ్చికపై జరిగిన ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో మాట్స్ విలాండర్ చేతిలోనూ ఓటమి ఎదురైంది.

వీటిలో 1983 యూఎస్ ఓపెన్ ఫైనల్ లెండిల్‌ను చాలాకాలం వెంటాడింది. చెరో సెట్ గెలిచాక మూడో సెట్లో 5–4తో ముందుండి, సెట్ పాయింట్ చేతిలో పెట్టుకుని డబుల్ ఫాల్ట్ చేశాడు. ఆ తర్వాత ఒక్క గేమ్ కూడా రాలేదు. కానర్స్ 7–5, 6–0తో ముగించేశాడు. ఒత్తిడి వస్తే చేతులెత్తేస్తాడని న్యూయార్క్ పత్రికలు రాశాయి. అదే ఏడాది ఫిబ్రవరి 28న అతడు మొదటిసారి ప్రపంచ నంబర్‌వన్ అయ్యాడన్నది ఆ విమర్శల హోరులో మరుగున పడిపోయింది. అంతకుముందు 1981–82లో వరసగా 44 మ్యాచ్‌లు గెలిచాడు, 1982 ఒక్క ఏడాదిలోనే 15 టైటిళ్లు పట్టుకొచ్చాడు. ఏడాది పొడుగునా గెలిచి పెద్ద ఆదివారం నాడు ఓడే ఆటగాడన్న ముద్ర మాత్రం అలాగే ఉండిపోయింది.

1984 పారిస్

ఆ ముద్ర చెరిగింది 1984 జూన్ 10న. ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ప్రత్యర్థి జాన్ మెకన్రో. ఆ ఏడాది అప్పటికి 42 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. తొలి రెండు సెట్లు మెకన్రో 6–3, 6–2తో సునాయాసంగా లాక్కున్నాడు. మూడో సెట్లో కోర్టు పక్కన ఒక కెమెరామన్ హెడ్‌సెట్ లోంచి వస్తున్న చప్పుడుకి మెకన్రో చిరాకుపడి, వెళ్లి దానిలోకే అరిచాడు. మ్యాచ్ అక్కడే మలుపు తిరిగిందని చాలామంది అంటారు గానీ, ఎండలో సర్వ్ అండ్ వాలీ ఆడుతున్న మెకన్రో కాళ్లు అలసిపోవడం, నెట్ దగ్గరికొచ్చిన ప్రతిసారీ లెండిల్ తల మీదుగా లాబ్‌లు, పక్కనుంచి టాప్‌స్పిన్ పాసింగ్ షాట్లు కొట్టడం అంతకన్నా పెద్ద కారణాలు. 6–4, 7–5, 7–5తో లెండిల్ మిగతా మూడు సెట్లూ గెలిచాడు. అయిదో ఫైనల్లో తొలి గ్రాండ్‌స్లామ్ వచ్చింది. ఎర్రమట్టిపై పారిస్ టైటిల్‌కు అంత దగ్గరగా మెకన్రో మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆటతీరు, సన్నాహం

లెండిల్ ఆటకు మూలం బేస్‌లైన్ నుంచి కొట్టే కుడిచేతి ఫోర్‌హ్యాండ్. పరుగెత్తుతూ కూడా దాన్ని టాప్‌స్పిన్‌తో, బలంగా, గీత వెంబడి నేరుగా కొట్టగలిగేవాడు. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌ను మొదట్లో ఎక్కువగా స్లైస్ చేసేవాడు. తర్వాత దాన్నీ టాప్‌స్పిన్ షాట్‌గా తీర్చిదిద్దుకున్నాడు. సర్వ్ చేసేటప్పుడు బంతిని చాలా ఎత్తుకు విసిరేవాడు. నెట్ దగ్గరికొచ్చిన ప్రత్యర్థి ఒంటి మీదకే బంతి కొట్టడానికి వెనకాడేవాడు కాదు, అందుకు క్షమాపణ చెప్పే అలవాటూ అంతగా లేదు. వెనక గీత దగ్గర నిలబడి బలంతో పాయింట్లు శాసించే నేటి పురుషుల టెన్నిస్‌కు దారి వేసినవారిలో అతణ్ని ముందు చెప్పుకుంటారు.

అయితే అతణ్ని తోటివారి నుంచి వేరుచేసింది సన్నాహమే. 1980లలో టెన్నిస్ ఆటగాళ్లు ఆటతోనే ఒళ్లు సిద్ధం చేసుకునేవారు. లెండిల్ సైకిల్ తొక్కడం, బరువులు, పరుగు, కొలిచి తినడం అన్నీ ఒక పద్ధతిలో పెట్టాడు. పోషకాహార సలహాదారు రాబర్ట్ హాస్ చెప్పినట్టు కొవ్వు తగ్గించి, పిండిపదార్థాలు పెంచిన భోజనానికి మారాడు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రెనిచ్‌లో ఇల్లు కట్టుకున్నాక, యూఎస్ ఓపెన్ కోర్టులు పరిచే పనివాళ్లనే పిలిపించి తన ఇంటి కోర్టుకు అదే డెకోటర్ఫ్ పూత వేయించుకునేవాడు. న్యూయార్క్‌లో బంతి ఎంత ఎత్తు లేస్తుందో ఇంటి దగ్గరా అంతే లేవాలి, అంతే.

చిన్న విషయాల్లోనూ అదే పట్టుదల. టెన్నిస్‌లో మొదటి ఏడు గేముల తర్వాత, ఆపైన ప్రతి తొమ్మిది గేములకూ కొత్త బంతులు ఇస్తారు. కొత్త బంతులు వచ్చిన ప్రతిసారీ లెండిల్ కొత్తగా తీగలు బిగించిన రాకెట్ చేతికి తీసుకునేవాడు. చెమటకు పిడి జారకుండా జేబులో రంపపు పొట్టు పోసుకునేవాడు, సర్వ్‌కు ముందు కాస్త చేతికి రాసుకునేవాడు, మిగిలింది బేస్‌లైన్ మీద రాలేది. పాయింట్ల మధ్య కనురెప్పల వెంట్రుకలు పీక్కునే అలవాటు కూడా ఉండేది. చూసేవారికి ఇవన్నీ చాదస్తంగా తోచేవి. ఈనాడు తొలి వంద ర్యాంకుల్లో ఉన్న ఆటగాడెవరైనా ఫిజియో, ఆహార నిపుణుడు, తీగలు బిగించే మనిషి అంటూ ఒక బృందాన్ని వెంటేసుకు తిరుగుతున్నాడంటే, ఆ చాదస్తం వృత్తిధర్మంగా మారిందనే అర్థం.

ఏలిన కాలం (1985–1990)

1985 యూఎస్ ఓపెన్ ఫైనల్లో మెకన్రోను వరుస సెట్లలో ఓడించి నంబర్‌వన్ స్థానానికి వచ్చాడు. ఆ తర్వాత 157 వారాలు దాన్ని వదల్లేదు. 1986, 1987ల్లో ఫ్రెంచ్ ఓపెన్, యూఎస్ ఓపెన్ రెండేసి సార్లు గెలిచాడు. 1982 నుంచి 1989 వరకు వరసగా ఎనిమిదేళ్లు యూఎస్ ఓపెన్ ఫైనల్ ఆడాడు. వాటిలో మూడు గెలిచాడు. సంవత్సరాంతపు మాస్టర్స్ టోర్నీలో 1980 నుంచి 1988 దాకా వరసగా తొమ్మిది ఫైనల్స్ ఆడి అయిదు టైటిళ్లు తీసుకున్నాడు.

1988 యూఎస్ ఓపెన్ ఫైనల్ విలాండర్‌తో 4 గంటల 54 నిమిషాలు సాగింది. అయిదో సెట్ 6–4తో విలాండర్‌ది అయింది, దాంతో పాటే నంబర్‌వన్ స్థానం కూడా. 1989 జనవరిలో మెల్‌బోర్న్‌లో మిలోస్లావ్ మెసిర్‌ను ఓడించి తొలి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు, అగ్రస్థానమూ తిరిగొచ్చింది. 1990లోనూ అదే టైటిల్ దక్కింది. ఫైనల్ మూడో సెట్లో స్టెఫాన్ ఎడ్‌బర్గ్ గాయంతో తప్పుకున్నాడు. అదే లెండిల్ చివరి గ్రాండ్‌స్లామ్.

ఈ కాలంలో ఎక్కువగా చెప్పుకునే ఓటమి 1989 ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండ్‌లోది. పదిహేడేళ్ల మైకేల్ చాంగ్ రెండు సెట్లు వెనకబడి, కాళ్లు పట్టేసి, అయిదో సెట్లో ఒకసారి చేతి కిందనుంచి సర్వ్ చేసి లెండిల్‌ను తికమక పెట్టాడు. మ్యాచ్ గెలిచాడు, తర్వాత టోర్నీ కూడా గెలిచాడు. ఎంత సన్నాహం చేసుకున్న మనిషైనా ఊహించని దానికి సిద్ధంగా ఉండలేడని విమర్శకులు అప్పుడు అన్నారు. లెండిల్ ఆటలో నిజంగా ఉన్న లోపం అదే కావచ్చు.

వింబుల్డన్, టోనీ రోచ్ శిక్షణ
(చూ. పచ్చిక కోర్టులు, సర్వ్ అండ్ వాలీ)

లెండిల్ గెలవని గ్రాండ్‌స్లామ్ వింబుల్డన్ ఒక్కటే. 1983 నుంచి 1990 లోపు ఏడుసార్లు సెమీఫైనల్ చేరాడు. 1986లో బోరిస్ బెకర్ చేతిలో, 1987లో పాట్ క్యాష్ చేతిలో ఫైనల్ ఓడాడు. రెండింటిలోనూ ఒక్క సెట్ కూడా రాలేదు. ఏడాదికోసారి దూరదర్శన్‌లో వింబుల్డన్ ఫైనల్ చూసి టెన్నిస్ తెలుసుకున్న తెలుగు ప్రేక్షకులకు లెండిల్ ఓడిపోయే మనిషిగానే గుర్తుండిపోతే ఆశ్చర్యం లేదు. మిగతా ఏడాది అతడు గెలుస్తున్న టోర్నీలు వాళ్ల టీవీ దాకా రాలేదు మరి.

ఆ రోజుల్లో వింబుల్డన్ పచ్చికపై బంతి తక్కువ ఎత్తు లేచి, జారుతూ వచ్చేది, ఒక్కోసారి అడ్డదిడ్డంగా ఎగిరేది. పెద్ద ఊపుతో కొట్టే ఫోర్‌హ్యాండ్‌కు కావలసిన సమయం అక్కడ దొరికేది కాదు. గెలవాలంటే సర్వ్ వెంటే నెట్ దగ్గరికి వెళ్లి వాలీ కొట్టాలి. దాన్ని నేర్చుకోవడానికే 1985లో ఆస్ట్రేలియాకు చెందిన టోనీ రోచ్‌ను కోచ్‌గా పెట్టుకున్నాడు. రోచ్ 1966 ఫ్రెంచ్ ఓపెన్ విజేత, 1968 వింబుల్డన్ రన్నరప్, వాలీలో ఆరితేరిన ఎడమచేతివాటం ఆటగాడు. 1990లో వింబుల్డన్ కోసమని లెండిల్, తాను మూడుసార్లు గెలిచిన ఫ్రెంచ్ ఓపెన్‌కే వెళ్లకుండా పచ్చికపై సాధన చేశాడు. లండన్‌లోని క్వీన్స్ క్లబ్ టోర్నీలో మెకన్రోను, బెకర్‌ను వరసగా ఓడించి గెలిచాడు కూడా. రెండు వారాల తర్వాత వింబుల్డన్ సెమీఫైనల్లో ఎడ్‌బర్గ్ అతణ్ని ఆపేశాడు.

ఆటగాడిగా చూస్తే ఆ ప్రయత్నం విఫలమే. శిక్షణ చరిత్రలో చూస్తే దానికి వేరే విలువ ఉంది. అప్పట్లో అగ్రశ్రేణి ఆటగాడు తనకు రాని ఒక్క విద్య కోసం మాజీ గ్రాండ్‌స్లామ్ విజేతను జీతమిచ్చి పెట్టుకోవడం మామూలు సంగతి కాదు. రోచ్ తర్వాత కాలంలో పాట్ రాఫ్టర్‌కు, రోజర్ ఫెదరర్‌కు కూడా నేర్పాడు. తను కోచ్ అయినప్పుడు లెండిల్ నడుచుకున్న తీరులో రోచ్ పోలికలు చాలానే ఉన్నాయి: మాట తక్కువ, కసరత్తు ఎక్కువ, ప్రచారానికి దూరం.

పౌరసత్వం, ప్రజాదరణ

1983లో దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో ప్రదర్శన మ్యాచ్ ఆడినందుకు చెకోస్లొవేకియా సమాఖ్య అతనిపై చర్య తీసుకుంది. వర్ణవివక్ష ప్రభుత్వంపై ఆంక్షలున్న రోజులవి. 1985 తర్వాత డేవిస్ కప్‌లో అతడు చెకోస్లొవేకియాకు ఆడలేదు. 1992 జులైలో అమెరికా పౌరుడయ్యాడు. ప్రేక్షకుల్లో ఆదరణ మాత్రం ఎప్పుడూ అంతంతమాత్రమే. 1986లో ఒక ప్రసిద్ధ అమెరికన్ క్రీడా పత్రిక, ఎవరికీ పట్టని ఛాంపియన్ అన్న అర్థం వచ్చే శీర్షికతో అతని ముఖచిత్రం వేసింది. కోర్టులో నవ్వని ముఖం, ఎదుటివారు బెదిరే ఆట అందుకు కారణాలు. ఏకాంతంలో అతడు హాస్యప్రియుడని సన్నిహితులు చెబుతూ వచ్చారు, వినేవారే లేకపోయారు.

విరమణ

నడుము నొప్పి ముదరడంతో 1994 డిసెంబరులో ఆట మానేశాడు. 34 ఏళ్లు. 270 వారాల అగ్రస్థానం అప్పటికి రికార్డు, 1999లో పీట్ సాంప్రాస్ దాన్ని దాటాడు. 2001లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ నడుము నొప్పి వల్లే పదిహేనేళ్లపాటు రాకెట్ పెద్దగా పట్టలేదు. 2010లో కొన్ని ప్రదర్శన మ్యాచ్‌లతో మళ్లీ కోర్టులో కనిపించాడు.

శిక్షకుడిగా: ముర్రేతో తొలి విడత (2012–2014)

2011 డిసెంబరు 31న ముర్రే తన కొత్త కోచ్ లెండిల్ అని ప్రకటించాడు. అప్పటికి ముర్రే 2008 యూఎస్ ఓపెన్, 2010, 2011 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్స్ ఓడిపోయి ఉన్నాడు. మూడింటిలో కలిపి ఒక్క సెట్ కూడా గెలవలేదు. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత బ్రిటన్ పురుషుడెవరూ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవలేదన్న లెక్క ప్రతి వేసవిలోనూ పత్రికలు గుర్తుచేసేవి. లెండిల్‌కు కోచ్‌గా ముందు అనుభవం లేదు. సరిగ్గా ఇదే గొయ్యిలోంచి పైకి ఎక్కి వచ్చిన అనుభవం మాత్రం ఉంది.

2012 వింబుల్డన్ ఫైనల్లో ముర్రే తొలి సెట్ గెలిచి, ఫెదరర్ చేతిలో ఓడి, మైకు ముందు ఏడ్చేశాడు. నాలుగో ఓటమి. నాలుగు వారాల తర్వాత అదే సెంటర్ కోర్టులో ఒలింపిక్ ఫైనల్లో అదే ఫెదరర్‌ను 6–2, 6–1, 6–4తో ఓడించి స్వర్ణం అందుకున్నాడు. సెప్టెంబరు 10న న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ ఫైనల్. నొవాక్ జకోవిచ్ మీద రెండు సెట్లు గెలిచి, రెండు సెట్లు పోగొట్టుకున్నాడు. అయిదో సెట్‌కు ముందు బాత్‌రూమ్‌కు వెళ్లి అద్దంలో చూసుకుంటూ తనకు తానే గట్టిగా చెప్పుకున్నానని ముర్రే తర్వాత వెల్లడించాడు. 6–2తో ఆ సెట్ గెలిచాడు. తన కోచ్ లాగే అయిదో ఫైనల్లో తొలి టైటిల్. మ్యాచ్ సాగింది 4 గంటల 54 నిమిషాలు, అంటే 1988లో లెండిల్ విలాండర్‌తో ఓడిన ఫైనల్ ఎంతసేపో సరిగ్గా అంతసేపు.

2013 జులై 7న వింబుల్డన్ ఫైనల్లో జకోవిచ్‌ను 6–4, 7–5, 6–4తో ఓడించి ముర్రే వింబుల్డన్ పురుషుల సింగిల్స్ టైటిల్ కోసం బ్రిటన్ చేసిన 77 ఏళ్ల నిరీక్షణ ముగించాడు. ఆఖరి గేమ్‌లో 40–0 దగ్గర మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు చేజారాయి. జకోవిచ్‌కు మూడు బ్రేక్ పాయింట్లు వచ్చి పోయాయి. నాలుగో అవకాశంలో మ్యాచ్ ముగిసింది. లెండిల్ తన జీవితంలో గెలవలేకపోయిన టైటిల్ అతని శిష్యుడికి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ముర్రేకు నడుము శస్త్రచికిత్స అయింది. 2014 మార్చిలో ఇద్దరూ విడిపోయారు. ఏడాదిలో అన్ని వారాలు ప్రయాణాలు చేయడం లెండిల్‌కు ఇష్టం లేకపోవడం ఒక కారణం.

శిక్షణ పద్ధతి
(చూ. టెన్నిస్ నిబంధనలు: మ్యాచ్ మధ్యలో కోచింగ్)

ప్రొఫెషనల్ టెన్నిస్ కోచ్ పని ఇతర ఆటల కోచ్ పనిలాంటిది కాదు. ఇక్కడ కోచ్‌ను పెట్టుకునేదీ జీతమిచ్చేదీ ఆటగాడే, నచ్చకపోతే తీసేసేదీ అతడే. క్రికెట్‌లోనో ఫుట్‌బాల్‌లోనో జట్టు యాజమాన్యం మధ్యలో ఉంటుంది. టెన్నిస్‌లో శిష్యుడే యజమాని. ఇలాంటి చోట కటువైన మాట చెప్పాలంటే కోచ్‌కు ఆ ఉద్యోగంతో బతకాల్సిన అవసరం ఉండకూడదు, లేదా ఆ మాట చెప్పే అర్హత అందరూ ఒప్పుకున్నదై ఉండాలి. లెండిల్‌కు రెండూ ఉన్నాయి. మాజీ విజేతలకు అగ్రశ్రేణి ఆటగాళ్లు ఎక్కువ డబ్బిచ్చి పిలిచేది మెళకువల కోసం కన్నా ఈ బలం కోసమే అనిపిస్తుంది.

ముర్రే ఆటలో లెండిల్ మార్చింది కొద్దే. ముర్రే సహజంగా ఎదురుదాడి ఆటగాడు. ఎదుటివాడు తప్పు చేసేదాకా బంతి తిరిగి పంపుతూ ఉండటం అతని బలం, పెద్ద మ్యాచ్‌లలో బలహీనత. ఫోర్‌హ్యాండ్‌ను ఇంకా బలంగా, ముఖ్యంగా గీత వెంబడి కొట్టి పాయింట్లు తనే ముగించేలా లెండిల్ అతణ్ని నడిపించాడు. రెండో మార్పు ప్రవర్తనలో. ప్రతి తప్పుకూ తన బృందం కూర్చున్న వైపు తిరిగి అరవడం ముర్రే అలవాటు. అటు తిరిగితే కనిపించేది చేతులు కట్టుకుని, ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చున్న లెండిల్. అరిచినా ప్రయోజనం లేదని కొన్నాళ్లకు తెలిసొచ్చింది. మిగిలిన పని అంతా శీతాకాలంలో ఫ్లోరిడా ఎండల్లో చేయించిన కసరత్తు.

పురుషుల టూర్లో మ్యాచ్ జరుగుతుండగా కోచ్ సలహా ఇవ్వడాన్ని నిబంధనలు చాలాకాలం ఒప్పుకోలేదు. 2022 జులైలో గ్యాలరీ నుంచి మాటలు, సైగలు ప్రయోగాత్మకంగా అనుమతించారు. 2025 నుంచి అది ఆట నిబంధనల్లో భాగమైంది. లెండిల్ గొప్ప ఫలితాలన్నీ ఈ మార్పుకు ముందువే. ఆ నిశ్శబ్దం సగం అతని స్వభావం, సగం చట్టం.

గురుశిష్యుల మధ్య ఉన్నది భయభక్తులు మాత్రమే కాదు. 2013 జూన్‌లో క్వీన్స్ క్లబ్‌లో క్యాన్సర్ సహాయ నిధి కోసం డబుల్స్ ప్రదర్శన మ్యాచ్ ఆడారు. నెట్ అవతల తమాషాగా నిలబడ్డ లెండిల్ ఒంటికి తగిలేలా ముర్రే దగ్గరనుంచి బంతి కొట్టి, టైటిల్ గెలిచినంతగా సంబరం చేసుకున్నాడు. ఆటగాడిగా ఎందరి మీదకో అలా కొట్టిన మనిషికి అది తిరిగి అందింది.

రెండో విడత, మూడో విడత

మధ్యలో 2014 జూన్ నుంచి 2016 మే వరకు ఫ్రాన్స్ మాజీ క్రీడాకారిణి అమేలీ మౌరెస్మో ముర్రే కోచ్. ఆమె హయాంలో ముర్రే ఎర్రమట్టిపై తొలి టైటిళ్లు గెలిచాడు, రెండు ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్స్ ఆడాడు, కానీ గ్రాండ్‌స్లామ్ రాలేదు. 2016 జూన్‌లో లెండిల్ తిరిగి చేరాడు. ఈసారి రోజువారీ బాధ్యత జేమీ డెల్‌గాడోది, లెండిల్ ముఖ్యమైన వారాల్లో వచ్చేవాడు.

నెల తిరక్కుండానే ముర్రే రెండోసారి వింబుల్డన్ గెలిచాడు. ఫైనల్లో ఓడిన కెనడా ఆటగాడు మిలోస్ రావ్‌నిచ్‌కు ఆ పచ్చిక సీజన్‌లో సలహాదారు మెకన్రో. 1984 పారిస్ ప్రత్యర్థులు 32 ఏళ్లకు ఇలా గ్యాలరీలో ఎదురయ్యారు. ఆగస్టులో రియోలో రెండో ఒలింపిక్ స్వర్ణం, నవంబరు 7న ప్రపంచ నంబర్‌వన్ స్థానం, అదే నెలలో ఏటీపీ ఫైనల్స్‌లో జకోవిచ్‌పై గెలుపు వచ్చాయి. 2017లో తుంటి గాయం ముర్రేను దెబ్బతీసింది. ఆ ఏడాది నవంబరులో రెండో విడత ముగిసింది. 2022 మార్చి నుంచి 2023 చివరి దాకా మూడో విడత సాగింది గానీ, లోహపు తుంటితో ఆడుతున్న ముర్రేకు పాత ఫలితాలు రాలేదు.

ఇతర శిష్యులు

2018 ఆగస్టులో జర్మనీ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్ అతణ్ని బృందంలోకి తెచ్చుకున్నాడు. మూడు నెలల్లో జ్వెరెవ్ లండన్ ఏటీపీ ఫైనల్స్‌లో ఫెదరర్‌ను సెమీస్‌లో, జకోవిచ్‌ను ఫైనల్లో ఓడించాడు. 1995లో బెకర్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన తొలి జర్మన్ అతడే. గ్రాండ్‌స్లామ్‌లలో మాత్రం పురోగతి లేదు. 2019 జులైలో విడిపోయారు. 2024 చివర్లో పోలండ్ ఆటగాడు హ్యూబర్ట్ హర్కాజ్ బృందంలో, చిలీ మాజీ ఒలింపిక్ విజేత నికొలాస్ మాసూతో పాటు చేరాడు.

అంచనా
(చూ. బోరిస్ బెకర్, స్టెఫాన్ ఎడ్‌బర్గ్, గొరాన్ ఇవానిసెవిచ్)

2012లో ముర్రే విజయాలు చూశాక మిగతా అగ్రశ్రేణి ఆటగాళ్లూ 1980, 90ల విజేతల వైపు తిరిగారు. పత్రికలు వీళ్లకు సూపర్ కోచ్‌లని పేరు పెట్టాయి. 2013 డిసెంబరులో జకోవిచ్ బెకర్‌ను తీసుకున్నాడు, మూడేళ్లలో ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. ఫెదరర్ 2014–15లో ఎడ్‌బర్గ్‌తో పనిచేశాడు, మళ్లీ నెట్ వైపు వెళ్లాడు, మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడి మూడూ ఓడాడు. 2014 యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఇవానిసెవిచ్ శిష్యుడు మారిన్ చిలిచ్, చాంగ్ శిష్యుడు కెయి నిషికోరి తలపడ్డారు, చిలిచ్ గెలిచాడు. ఈ ఒరవడికి దారి చూపింది లెండిల్–ముర్రే జోడీ అనడంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

లెండిల్ గొప్ప కోచ్ అవునా అన్నదానిపై మాత్రం ఉంది. అతని గ్రాండ్‌స్లామ్ ఫలితాలన్నీ ఒకే ఆటగాడివి. ముర్రే అప్పటికే ప్రపంచంలో నాలుగో స్థానంలో ఉన్నాడు, ఎవరు వచ్చినా ఎప్పుడో ఒకప్పుడు గెలిచేవాడేనని కొందరి వాదన. జ్వెరెవ్ విషయంలో అదే పద్ధతి సగం ఫలితమే ఇచ్చింది. మరోవైపు, ముర్రే ఆడిన 11 గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌లో లెండిల్ ఉన్నప్పుడు ఆడినవి అయిదు, గెలిచినవి మూడు. లేనప్పుడు ఆడినవి ఆరు, గెలిచింది ఒక్కటీ లేదు. కొత్త ఆటగాణ్ని మొదటినుంచి తయారుచేసిన కోచ్‌ల వరసలో లెండిల్‌ను నిలపడం సరికాదు. చివరి మెట్టు దగ్గర ఆగిపోయిన ఆటగాణ్ని ఆ మెట్టు ఎక్కించడం వేరే రకం పని, అందులో అతనితో పోల్చదగ్గవారు కొద్దిమందే.

ఇతర వ్యాపకాలు

ఆట మానేశాక లెండిల్ గోల్ఫ్‌లో గట్టిగా దిగాడు. 1996లో చెక్ ఓపెన్ ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీలో కూడా ఆడాడు. చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముచా గీసిన పోస్టర్లను 1980ల నుంచి సేకరిస్తూ వచ్చాడు. చిత్రకారుడి కుమారుడితో పరిచయం ఆ ఆసక్తికి మూలం. 2013లో, అంటే ముర్రే వింబుల్డన్ గెలిచిన ఏడాదిలోనే, ఆ పోస్టర్లను ప్రాగ్‌లోని మునిసిపల్ హౌస్‌లో ప్రదర్శనకు పెట్టారు.